అత్త కెమెరాకు కుట్టించిన తొడుగు

పోయిన మంగళవారం మధ్యాహ్నం, భోజనం చేసి కాసేపు నడుం వాల్చుదామనుకునే వేళకి, కొరియర్ ఆయన వచ్చి గేటు తట్టాడు. అట్టపెట్టె చిన్నదే. పంపినవారి దగ్గర మా అన్న పేరు, విరుదునగర్ చిరునామా ఉన్నాయి. లోపల ఏముందో తెరవకుండానే తెలిసింది. పక్కన అంటించిన చీటీ మీద "కెమెరా లెదర్ కేసు, బ్రౌన్, ఒకటి" అని అచ్చువేసి ఉంది. నేను సంతకం చేయలేదు, వెనక్కి తీసుకుపొమ్మన్నాను. ఆయన తన ఫోను చూపించి, ఊరికే వెనక్కి పంపడానికి లేదమ్మా, కారణం ఒకటి నొక్కాలి అన్నాడు. ఇల్లు తాళం వేసి ఉంది, చిరునామా తప్పు, వస్తువు పాడైంది, ఆలస్యంగా వచ్చింది అని వరసగా నాలుగు కారణాలున్నాయి. నాలుగోది నొక్కమన్నాను. "మొన్ననే కదమ్మా బుక్ చేశారు, ఆలస్యం ఎక్కడ?" అన్నాడు పాపం. నొక్కయ్యా అన్నాను. నా గొంతు విని నొక్కి వెళ్ళిపోయాడు.

నా కోపం సంగతి కోవిల్‌పట్టిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళందరికీ తెలుసు. పిల్లలు నాకు పెట్టిన పేరు మిళగాయ్ టీచర్, అంటే మిరపకాయ టీచరు. ఆ పేరు నాకు నచ్చకపోలేదు. కానీ తరగతిలో కోపం గంట కొట్టేదాకే ఉండేది. ఈ కోపానికి ఏడాది దాటింది, ఇంకా పచ్చిగానే ఉంది. రాస్తే ఏమైనా ఆరుతుందేమోనని కూర్చున్నాను. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడడమే గానీ చదవడం, రాయడం లేదు. బయట అడుగుపెడితే తమిళమే. నేను నలభై దాటాక, మా బళ్ళోకి బదిలీ మీద వచ్చిన ఒక చిత్తూరు టీచరమ్మ దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. నేను "ఉండాది" అన్నప్పుడల్లా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. మా అమ్మమ్మ కూడా అలాగే అనేదమ్మా అనేది. అందుకని నా మాటలు పుస్తకాల తెలుగులో రాస్తాను. మావాళ్ళ మాటలు మాత్రం వాళ్ళ నోట వచ్చినట్టే ఉండనిస్తాను.

ఆ కెమెరా మా అత్తది. మా నాన్నకి చెల్లెలు. మామ తూత్తుకుడి హార్బరులో పనిచేసేవాడు. ఓడలో వచ్చిన ఎవరో జపాను మనిషి దగ్గర దాన్ని కొన్నాడు. మూడేళ్ళు సరదాగా ఏవేవో తీశాడు, తరవాత జ్వరం వచ్చి పోయాడు. అప్పటికి అత్తకి ముప్పై నిండలేదు. పుట్టింటికి, నాగలాపురం పక్కన మా పల్లెకి, ఒక ట్రంకుపెట్టె, ఈ కెమెరా పట్టుకుని తిరిగి వచ్చింది. మాది కరిసల్ నేల, అంటే నల్లరేగడి. వాన పడితే పత్తి, పడకపోతే ఏమీ లేదు. ఆ ఏడు పడలేదు. ఇంట్లో ఒక మూల కూర్చుని ఉండమన్నారు అందరూ. అత్త కూర్చోలేదు. మామ చేస్తుండగా చూసి నేర్చుకున్నది గుర్తు చేసుకుంటూ ఒక రీలు పాడుచేసింది, రెండోది సగం పాడుచేసింది, మూడో రీలులో మా నాయనమ్మ వేరుశనగ ఒలుస్తూ ఉన్న ఫోటో వచ్చింది. అంత స్పష్టంగా మా నాయనమ్మని బతికుండగా కూడా నేను చూడలేదు.

అది రేంజ్‌ఫైండర్ కెమెరా. పైన ఒక చిన్న కిటికీ ఉంటుంది. అందులో కన్ను పెడితే మధ్యలో లేత పసుపురంగు మచ్చ, ఆ మచ్చలో ఎదుటి మనిషి ఇద్దరుగా కనిపిస్తారు. లెన్సు చుట్టూ ఉన్న చక్రం మెల్లగా తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ దగ్గరికి జరిగి ఒకరవుతారు. అప్పుడు మీట నొక్కాలి. బ్యాటరీ అక్కరలేదు. వెలుతురు ఎంత ఉందో అత్త నేల రంగు చూసి చెప్పేది. మగ ఫోటోగ్రాఫరు ముందు నిలబడడానికి సిగ్గుపడే ఆడవాళ్ళందరికీ, బ్యాంకు పుస్తకానికైనా పెళ్ళి సంబంధానికైనా, చుట్టుపక్కల పల్లెల్లో అత్తే ఫోటోలు తీసింది. బస్సెక్కి తిరిగేది. అందువల్ల ఆ కెమెరాకి తొడుగు ఎంత ముఖ్యమో ఆమెకి తెలిసినంత మాకెవరికీ తెలియదు. దాంతో వచ్చిన తోలు కేసు కుట్లు ఊడిపోతే, మామ ఖాకీ ప్యాంటు కత్తిరించి, లోపల పాత బొంత ముక్క పెట్టి, తనే ఒక సంచీ కుట్టుకుంది. ఒకసారి ఎట్టయపురం బస్టాండులో ఎవరి ట్రంకుపెట్టో తగిలి లోపలి అద్దం జరిగింది. కిటికీలో ఆ ఇద్దరు మనుషులు ఎంత తిప్పినా కలవలేదు, ఒకరి నెత్తి మీద ఒకరు నిలబడ్డారు. దాన్ని సరిచేయించడానికి నెల పట్టింది. ఆ తరవాత అత్త ఆ సంచీకి పైభాగాన రెండింతలు బొంత పెట్టింది.

మరి అలాంటి కెమెరా అన్న ఇంటికి ఎలా వెళ్ళిందంటే, నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఇది రాసేటప్పుడు నా చెయ్యి ఆగింది, అయినా రాయాల్సిందే. పదహారేళ్ళ కిందట అత్త కాలుజారి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో ఉండగా అన్న వచ్చి, పల్లెలో ఇల్లు తాళం వేసి ఉండాది, దొంగలు తిరుగుతా ఉండారు, కెమరా నా దగ్గిర పెట్టు, బద్రంగా ఉంటుంది అన్నాడు. నిజమే అనిపించింది. ఖాకీ సంచీతో సహా బస్సులో పట్టుకెళ్ళి విరుదునగర్‌లో అతని చేతిలో పెట్టి, వదిన పెట్టిన కాఫీ తాగి వచ్చాను. అత్త కోలుకుని మా ఇంటికి వచ్చింది, ఇక ఇక్కడే ఉండిపోయింది. కెమెరా మాత్రం రాలేదు. అన్న ఆ ఖాకీ సంచీని చెత్తలో వేయించి, దళసరి తోలుతో ఒక పెట్టెలాంటి కేసు చేయించాడు. లోపల ఎర్ర మఖమల్, ముందు ఇత్తడి తాళం. దాన్ని తీసుకెళ్ళి హాల్లో షోకేసులో, అద్దం వెనకాల పెట్టాడు. ఎవరైనా వచ్చినప్పుడు ముందు మూత తెరిచి కెమెరా ముఖం మాత్రం కనపడేలా పెట్టేవాడు, వాళ్ళు వెళ్ళగానే మూసేవాడు. దాని కింద ఒక చీటీ. తమిళంలో, అందమైన అక్షరాలతో, "అప్పావిన్ కెమెరా" అని. నాన్నగారి కెమెరా అని. మా నాన్న జీవితంలో దాన్ని ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోలేదు.

అడిగినప్పుడల్లా అన్న ఒకటే మాట. ఈ వయసులో ఏమి తీస్తావు అత్తా, పోను ఉండాది కదా. అత్త మళ్ళీ అడిగేది కాదు. ఆమె అడగకపోతే నేనూ ఊరుకున్నాను. బడి, పరీక్షలు, నా మోకాళ్ళు, ఇవన్నీ చూసుకుంటూ పదిహేనేళ్ళు ఊరుకున్నాను.

పోయినేడు తాయిల్‌పట్టి నుంచి ఫోన్ రాకపోతే ఇంకా ఊరుకునేదాన్నేమో. ఫోన్ చేసింది అత్త స్నేహితురాలు. ఇద్దరూ ఒకే పల్లెలో పుట్టారు, కలిసి పత్తి తీశారు. ఆవిడని తాయిల్‌పట్టి ఇచ్చారు. ఆ చుట్టుపక్కల అందరూ పటాకుల పనికి పోయేవాళ్ళే, ఆవిడా పోయింది. ముప్పై ఏళ్ళ కిందట ఒక షెడ్డులో మందు అంటుకుంది. ఎడమ చెంప, చెవి, చెయ్యి కాలిపోయాయి. ప్రాణం దక్కింది. ఆ తరవాత ఆవిడ ఎవరి ముందూ ఫోటోకి నిలబడలేదు. అత్త అడిగితే కూడా కొంగు లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. ప్రభుత్వ కార్డు కోసం తప్పక ఒకసారి మిషను ముందు కూర్చుంది, అంతే.

ఆ కార్డు ఫోటోతోనే వచ్చింది గొడవ. మనవరాలి పెళ్ళికి వీధిలో ఫ్లెక్సు కట్టారు. పెద్దవాళ్ళ ముఖాలన్నీ వరసగా వేయాలి కదా. ఫ్లెక్సు చేసేవాడు ఆవిడ కార్డు ఫోటో తీసుకుని, కంప్యూటర్లో బాగున్న కుడిసగాన్ని తిప్పి ఎడమసగం మీద అతికించాడు. రెండువైపులా నున్నటి చెంపలు, రెండు చెవులు, రెండు కమ్మలు. చుట్టాలందరూ ఎంత బాగా వచ్చావు పెద్దమ్మా అన్నారట. ఆవిడ పెళ్ళి అయ్యేదాకా ఏమీ అనలేదు. అయిన మర్నాడు అత్తకి ఫోన్ చేసింది. అత్తకి చెవులు సరిగా వినపడవు కాబట్టి నేను స్పీకరు పెట్టాను.

"ఏమే, నీ డబ్బా ఉండాదా?" అంది ఆవిడ.

"ఉండాది. ఏంటికి?"

"వచ్చి నన్నొక పోటో తీ. పోనులో వద్దు, పోనులో తీస్తే వాండ్లు మళ్ళా దిద్దుతారు. నీ డబ్బాలో తీ. నా ముగం నాకి కావాల."

అత్త సరే అని పెట్టేసింది. తరవాత నా వైపు తిరిగి, "పాపా, రేపు విరుదునగర్ పోదాం" అంది. నాకు అరవై వచ్చినా అత్తకి నేను పాపనే.

అన్న ఇవ్వనని చెప్పలేదు. ఇవ్వననేవాడిని తిట్టవచ్చు. అన్న కాఫీ ఇప్పించి, నవ్వుతూ, మంచి కేసు లేకుండా ఆ కెమెరా నా గుమ్మం దాటదు అన్నాడు. తను చేయించిన పెట్టె బరువు, బస్సులో మోయలేరు, కాబట్టి సరిగ్గా సరిపోయే కేసు ఒకటి ముందు తీసుకురండి, అప్పుడు చూద్దాం అన్నాడు. సరే కొలతలు తీసుకుంటాను, బయటికి తియ్యి అన్నాను. ఊరికే తీస్తే దుమ్ము పడుతుంది, అద్దం మీదినుంచి కొలుచుకో అన్నాడు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, షోకేసు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, అద్దానికి స్కేలు ఆనించి, ఒక కన్ను మూసుకుని కొలిచాను. వదిన వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంది. నన్ను చూసి నవ్వలేదు, అది గుర్తుంది.

ఆ కొలతలతో నెట్‌లో తెప్పించిన మొదటి కేసు గుడ్డది. లోపల దూది కుక్కి, చుట్టూ జిప్పు ఉంది, చూడడానికి టిఫిన్ క్యారియరు సంచీలా ఉంది. పొడవు, ఎత్తు సరిపోయాయి. కానీ లెన్సు ముందుకి ఎంత పొడుచుకు వస్తుందో అద్దం ఇవతలినుంచి ఎవరు కొలవగలరు? కెమెరాని మా చేతికివ్వకుండా అన్నే తొడిగి చూశాడు, జిప్పు పడలేదు. అన్న తల అడ్డంగా ఊపాడు. రెండోది తోలుది, అడుగుభాగానికి మాత్రమే తొడిగే సగం కేసు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఫోటోలు తీసేటప్పుడు విప్పనక్కరలేదు. కానీ అది వేరే మోడలుకి చేసింది. అడుగున బిగించే స్క్రూ ఒకచోట, కెమెరాకి రంధ్రం ఇంకోచోట. పైగా పైభాగమంతా బోడిగా వదిలేస్తుంది. దెబ్బ తగలకూడని కిటికీలు ఉన్నదే అక్కడ. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "చొక్కా లేకుండా లుంగీ కట్టినట్టుండాది" అన్నాడు. మాట బాగుంది, ఇంకొకరు అని ఉంటే నేనూ నవ్వేదాన్ని. ఇలా రెండు నెలలు గడిచాయి. తాయిల్‌పట్టి నుంచి వారానికొకసారి ఫోన్ వస్తూ ఉంది. ఎప్పుడొస్తావే అని ఆవిడ అడగడం, ఉరై దొరకలేదు అని అత్త చెప్పడం. ఉరై అంటే తొడుగు. ఒకరోజు ఆవిడ, "నాకి వయసు ఆగుతుందా నీ ఉరై దొరికేదాకా?" అంది.

ఆ రాత్రంతా నాకు నిద్ర లేదని రాయను, బాగానే పడుకున్నాను. కానీ పొద్దున లేచేసరికి నా కోపం నాకంటే ముందు లేచి కూర్చుని ఉంది. ఎనిమిది గంటల బస్సుకి అత్తని ఎక్కించుకుని విరుదునగర్ వెళ్ళాను. బజారు వెనక సందులో బ్యాగులు కుట్టే ముసలాయన ఒకరున్నారు, అందరూ బాయి అంటారు. ఒకప్పుడు స్టూడియోలవాళ్ళందరికీ కెమెరా సంచులు ఆయనే కుట్టేవాడని అత్తకి గుర్తు. నా కొలతల కాగితం చూపిస్తే ఆయన వెనక్కి ఇచ్చేశాడు. "వస్తువు చేతిలో పట్టుకోకుండా నేను తోలు కొయ్యనమ్మా" అన్నాడు తమిళంలో. అయితే మాతో రండి అన్నాను. వచ్చాడు, చొక్కా జేబులో టేపు వేసుకుని.

అన్నకి నచ్చలేదు. కానీ బయటి మనిషి ముందు కాదనలేక షోకేసు తెరిచాడు. మఖమల్ పెట్టె బల్ల మీద పెట్టాడు. ఇత్తడి తాళానికి పచ్చగా చిలుము పట్టింది. బాయి మూత ఎత్తగానే తడిసి ఆరని తోలు వాసన గుప్పుమంది. ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, కెమెరాని ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు, వెలుతురుకి పట్టి లెన్సులోకి చూశాడు. చూసి, మా ఎవరికీ కాకుండా నేరుగా అత్త చేతికి ఇచ్చాడు.

అత్త దాన్ని పదిహేనేళ్ళ తరవాత పట్టుకోవడం. వేళ్ళు వంకర్లు పోయాయి గానీ ఎక్కడ ఏముందో వాటికి తెలుసు. వెనక తలుపు తెరిచింది, మీట నొక్కి పట్టుకుంది, వెలుతురు వైపు తిప్పి కన్ను పెట్టింది. చాలాసేపు చూసింది.

"బూజు పట్టింది పాపా" అంది.

నేనూ చూశాను. అద్దం లోపల, అంచు నుంచి మధ్యకి, తెల్లటి సన్నని వేళ్ళు పాకి ఉన్నాయి. ముట్టుకోవడానికి లేదు, ఊదడానికి లేదు.

బాయి మెల్లగా చెప్పాడు. "తోలు తప్పు కాదమ్మా. తోలు చెమ్మ పీలుస్తుంది, అది దాని గుణం. బయట తిరిగేటప్పుడు కెమెరాకి తోలు కావాలి. ఇంటికి రాగానే విప్పి గాలికి పెట్టాలి. మఖమల్ వేసి, మూసి, తాళం పెట్టి ఇన్నేళ్ళు ఉంచితే లోపల వాన కురిసినట్టే."

అన్న అప్పుడన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. "ఇప్పుడేమయింది దానికి? పైన సూడ్డానికి బాగానే ఉండాది కదా" అన్నాడు.

నేనేమన్నానో అన్నీ రాయలేను. కొన్ని తమిళంలో అన్నాను, కొన్ని తెలుగులో అన్నాను, గొంతు వీధిలోకి వినపడిందని తరవాత తెలిసింది. పైన చూడ్డానికి బాగుంటే చాలని ఆ ఫ్లెక్సు వాడూ అనుకున్నాడు, నీకూ వాడికీ ఏమిటి తేడా అన్నాను. ఆ ఫ్లెక్సు సంగతి అన్నకి తెలియదు, అర్థం కాలేదు. ఆమెకి అన్నం పెట్టిన కెమెరా ఇది, దీన్ని శవంలా పెట్టెలో పెట్టి ఊరందరికీ దర్శనానికి పెట్టావు అన్నాను. అన్న ముఖం ఎర్రబడింది. "అది నాన్న జ్ఞాపకం. నాన్న వస్తువుని ఎట్లా చూసుకోవాలో నాకి తెలుసు" అన్నాడు.

అప్పటిదాకా కుర్చీలో కూర్చుని కెమెరా తుడుస్తున్న అత్త తల ఎత్తింది. "మీ నాయన ప్రతి పోటోలోనూ కన్ను మూసుకునేవోడురా" అంది. "అన్నా తెరువు, తెరువు అని నేనే అరిసేది. ఒక్క పోటోలో అయినా తెరిసి ఉంటే సూపించు." అంతే అంది. గొంతు కూడా పెంచలేదు. నా అరుపులన్నీ ఒకవైపు, ఆ మాట ఒకవైపు. అన్న సోఫాలో కూర్చుండిపోయాడు.

వదిన వంటింటి గుమ్మంలోంచి ముందుకి వచ్చింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి ఆమె అన్నకి ఎదురు మాట్లాడగా నేను వినలేదు. షోకేసులో ఆ చీటీ తీసి, నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడేసుకుంది. "ఎత్తుకుని పోండి అత్తా" అంది. "వారం వారం ఈ అద్దం తుడిసేది నేను. లోపల ఏమి అవుతా ఉండాదో ఒక్కనాడూ సూడలేదు. ఆయన అడిగితే నేను సెప్పుకుంటా." మేము లేచి వచ్చేశాం. అన్న ఆపలేదు, పలకరించలేదు. ఆ గుమ్మం నేను మళ్ళీ తొక్కలేదు.

బాయే మమ్మల్ని గడియారాలు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కంటికి భూతద్దం తగిలించుకుని, లెన్సు విప్పి, ఒక్కో అద్దం తుడిచి పెట్టాడు. బూజు పోయింది. కానీ ఒక మూల, బూజు తినేసిన చోట, అద్దం మీద మసకగా ఒక మచ్చ మిగిలింది. "దీన్ని ఏమీ చెయ్యలేనమ్మా, తుడిచేకొద్దీ ఇంకా పాడవుతుంది" అన్నాడు. పోనీలే అంది అత్త. నేను పోనివ్వలేదు. ఇప్పటికీ పోనివ్వలేదు.

తొడుగు విషయం మాత్రం అత్త తన చేతిలోకి తీసుకుంది. బాయి అంగట్లో స్టూలు మీద కూర్చుని బేరమాడినట్టు ఒక్కొక్కటే తేల్చింది. మఖమల్ వద్దు, మెత్తని నూలుగుడ్డ చాలు. తాళం వద్దు. గట్టి తోలు వద్దు, పల్చటిది, కానీ పైన కిటికీల దగ్గర మాత్రం రెండు పొరలు, మధ్యలో దూది. బాయి ముందుకి తెరుచుకునే మూతకి నొక్కుడు బొత్తాం పెడతానన్నాడు.

"నొక్కే బలం నా వేలికి లేదు" అంది అత్త. "కొక్కెం పెట్టు. లాగితే ఊడాల."

"కొక్కెమైతే బస్సులో ఊడిపోదా?"

"నా చెయ్యి దాని మీదనే ఉంటుంది. నలభై వరసం బస్సులో అట్లానే పోయినా."

వరసం అంటే ఏడాది. బాయి ఒప్పుకున్నాడు. మూత ముందు వేలాడుతూ ఫోటోకి అడ్డం వస్తుంది కాబట్టి, దాన్ని పూర్తిగా విడిపోయేటట్టు చేశాడు. రీలు వెనక్కి చుట్టడానికి అడుగున నొక్కే చిన్న బొత్తాం ఉంటుంది, దాని ఎదురుగా తోలుకి ఒక కన్నం పెట్టాడు. భుజానికి వేసుకునే పట్టీ కెమెరాకి కాకుండా కేసుకే కుట్టాడు. ఇనుప వలయం రాసుకుని కెమెరాకి గీతలు పడతాయట. ఎనిమిది రోజుల్లో ఇచ్చాడు. పచ్చితోలు రంగు, ఎక్కడా మెరుపు లేదు. అత్త దాన్ని భుజాన వేసుకుని అంగడి ముందు నాలుగడుగులు నడిచి చూసింది. కోవిల్‌పట్టిలో మా వీధి ఆడవాళ్ళు కేసు కేసు అని నేను ఫోన్లో మాట్లాడడం విని, అన్న మీద కోర్టుకి వెళ్ళానని నెలరోజులు అనుకున్నారు. అది కూడా ఆలోచించదగ్గ సంగతే అని వాళ్ళకి చెప్పాను.

తాయిల్‌పట్టికి సాత్తూరులో దిగి బస్సు మారాలి. అత్త కిటికీ పక్కన, రెండు చేతులూ తొడుగు మీద. ఆ స్నేహితురాలు వాకిట్లోనే ఎదురుచూస్తూ ఉంది. కొత్త చీర కట్టుకుంది, తల దువ్వి కుడివైపు పూలు పెట్టుకుంది. కూతురు కుర్చీ తెచ్చి, కుడిచెంప ముందుకి వచ్చేలా ఒక పక్కకి వేసింది. ఆవిడ కుర్చీని చేత్తో జరిపి, రెండోవైపు తిప్పుకుని కూర్చుంది. కొంగు తీసి నడుముకి దోపుకుంది. కాలిన చెంప, చెవి ఉండాల్సిన చోటు, మెడదాకా ముడతలు పడి మెరిసే చర్మం, అన్నీ పొద్దుటి ఎండలోకి వచ్చాయి. కూతురు అమ్మా అంది. "నువ్వు లోపలికి పో" అంది ఆవిడ. "ముప్పై వరసం మూసుకో మూసుకో అని సెప్పినారు. మీకి సూసేదానికి కష్టమని నేను మూసుకున్నా. సాలు."

అత్త కొక్కెం లాగి మూత విడదీసి నా చేతికిచ్చింది. గోడకి వీపు ఆనించింది, చేతులు వణుకుతాయని. నేల వైపు ఒకసారి చూసి వెలుతురు సరిచేసుకుంది. చక్రం తిప్పుతూ ఉంది, తిప్పుతూనే ఉంది. కంట్లో నీళ్ళొస్తే కిటికీలో ఇద్దరు నలుగురవుతారని తరవాత చెప్పింది.

"ఇంకా ఎంతసేపే?" అంది ఆవిడ.

"ఊరికే ఉండు. కదలకు."

మీట చప్పుడు చాలా చిన్నది, రవికెకి పెట్టుకునే టిచ్ బొత్తాం నొక్కినంత. ఆ రీలులో ఆవిడవి పదకొండు తీసింది. పక్కింటివాళ్ళు వచ్చారు. అందులో వేళ్ళు పోయినామె ఒకరు, మెడ కాలినామె ఒకరు, మమ్మల్ని కూడా తీస్తావా అని అడిగారు. అత్త తీసింది. తరవాత కాఫీ తాగుతూ, ఒకప్పుడు తను ఆ ఊళ్ళో ఎవరెవరిని తీసిందో వాళ్ళందరినీ పేరుపేరునా అడిగింది. ఫలానా ఆమె ఎట్లా ఉండాది అంటే పోయి ఆరేళ్ళయింది అని, ఇంకొకామె గురించి అడిగితే పోయినేడే అని, మూడో ఆమె తరవాత అంటుకున్న ఇంకో షెడ్డులో అని స్నేహితురాలు చెబుతూ పోయింది. కొంతసేపటికి అత్త అడగడం మానేసింది.

రీలు మద్రాసు పంపి కడిగించాం. స్నేహితురాలి ఫోటోలు బాగా వచ్చాయి. అన్నిటికంటే మంచిదాన్ని పెద్దది చేయించి ఇచ్చాం. ఆవిడ తన ఇంట్లో నడవలో వీధిలోకి కనపడేలా తగిలించుకుంది. దానికి పైమూల, ఆవిడ నుదుటికి కాస్త పక్కగా, పొగలాంటి ఒక మసక ఉంది. ఎవరూ గమనించరు. మసి అనుకుంటారు, ఎండ అనుకుంటారు. నేను వెళ్ళినప్పుడల్లా ముందు దాన్నే చూస్తాను.

ఇప్పుడు నెలకొకసారి వెళుతున్నాం. అత్తకి డెబ్భై తొమ్మిది. ఒక్కో నెల ఒక్కో పల్లె, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు. అన్న పంపిన కేసు వెనక్కి పంపానని చెబితే, పోనీ పాపా, ఎంతకాలం ఉంచుకుంటావు కోపం, రోజులు పోతే తగ్గిపోతుంది అంది. ఆమెకి తగ్గిందేమో. ఒక్కో పల్లెలో దిగి, ఒక్కో గుమ్మం ముందు నిలబడి, ఆమె ఇప్పుడు లేదమ్మా, పోయింది అనే మాట విన్నప్పుడల్లా, గడిచిపోయిన ఆ పదిహేనేళ్ళు నాకు ఇంకొంచెం పొడుగవుతున్నాయి.